రాంచెరా పాటల్లో ఏడ్చేది ప్రేమా, దెబ్బతిన్న మగ పౌరుషమా?

పాతరికార్డు:
మెక్సికో రాంచెరా పాటలు (ప్రేమ, విరహం మీద అక్కడి జనం పాడుకునే సంప్రదాయ పాటలు) వినేవాళ్లకు ఒక ప్రశ్న. హోసే అల్ఫ్రెడో హిమెనెజ్ రాసిన 'ఎల్ రే' (రాజు) తీసుకోండి. డబ్బున్నా లేకపోయినా నా ఇష్టమే నాది, నా మాటే చట్టం అంటాడు. ఆమె వదిలేసింది. అయినా నేను చచ్చిన రోజు నువ్వు ఏడవక తప్పదంటూ శాపనార్థాలు. దీన్ని విరహం అంటారా? నాకైతే ఒట్టి అహంకారం.

మిరపబజ్జీ:
సగం పాటే విన్నట్టున్నారండీ. సింహాసనం లేదు, రాణి లేదు, నన్ను అర్థం చేసుకునేవాళ్లు లేరు అని వరసగా ఒప్పుకున్నాకే 'అయినా రాజునే' అంటాడు. రాజ్యం లేనివాడి బడాయి అని వినేవాళ్లకు తెలియదా? తెలిసే గొంతెత్తి కలిసి పాడతారు. రాసినాయన గతంలో హోటల్లో వెయిటర్. వాయిద్యం ఏదీ రాదు, ట్యూన్ ఈల వేసి వినిపించేవాడట. 1973లో 47 ఏళ్లకే కాలేయం పాడై పోయాడు.

పాతరికార్డు:
తాగి పోయాడని పాటకు సానుభూతి మార్కులా? ఆ ఆడమనిషికి ఎక్కడైనా ఒక్క మాట ఉందా?

కృష్ణాతీరం:
ఎందుకు లేదు? గాయని పకీతా లా దెల్ బార్రియోను విను. 'రాతా దే దోస్ పాతాస్' అంటే రెండు కాళ్ల ఎలుక. మోసం చేసినవాణ్ని జలగ, బొద్దింక, విషపు పాము అంటూ ఏదీ వదలకుండా దులిపేస్తుంది. పాట మధ్యలో ఆగి 'వింటున్నావా, పనికిమాలినోడా?' అంటే హాలంతా గోల. 2025 ఫిబ్రవరిలో పోయింది పాపం.

పాతరికార్డు:
అక్కా, ఆ పాట రాసింది కూడా మగాడే, మనుయెల్ ఎదువార్దో తోస్కానో. అదే పౌరుషం, గొంతు మారిందంతే.

కృష్ణాతీరం:
అయితే ఏంటి తమ్ముడూ? దాన్ని జనంలో నిలబెట్టింది ఆవిడ. ఆ మాటకొస్తే హిమెనెజ్ పాటల్నే చవేలా వర్గాస్ ఏం చేసిందో చూడు. కోస్టారికాలో పుట్టి మెక్సికోకు వచ్చిన మనిషి. ట్రంపెట్ల హోరు తీసేసి గిటార్‌తో సరిపెట్టింది. మగవాడు ఆడదానికి పాడే మాటల్ని మార్చకుండా, తనూ ఆడదానికే పాడింది. అంత నెమ్మదిగా పాడేసరికి బడాయి రాలిపోయి ఏడుపొక్కటే మిగిలింది. నీకు పడనిది మరియాచీ (ట్రంపెట్లు, వయొలిన్లతో వాయించే మెక్సికో బృందం) హంగామా అనుకుంటా.

పాతరికార్డు:
ఎంత నెమ్మదిగా పాడినా 'నువ్వు ఏడవక తప్పదు' అన్నది బెదిరింపే కదక్కా.

మిరపబజ్జీ:
అయితే విసెంతే ఫెర్నాండెజ్ పాడిన 'వోల్వెర్, వోల్వెర్' వినండి. నువ్వన్నదే రైటు, ఓడిపోయే వంతు నాకొచ్చింది, నీ దగ్గరికి తిరిగి రావాలని చచ్చిపోతున్నా అంటాడు. పౌరుషం మచ్చుకైనా లేదు.

పాతరికార్డు:
అది నాకూ ఇష్టమే. కానీ రాసింది ఫెర్నాండో మల్దొనాడో, మీ హిమెనెజ్ కాదుగా!