రొయ్యల కూర, లేవీయకాండము 11

ప్రశ్న:
అందరికీ వందనాలు. మాది భీమవరం దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువు మీద పని చేస్తారు. ఇంటికి తెచ్చిన రొయ్యలకు నేనే తల తీసి, వీపు మీద నల్ల నరం లాగి, ఉప్పూ పసుపూ వేసి కడుగుతాను. మొన్న బైబిల్లో లేవీయకాండము 11 చదివాక చెయ్యి ఆడలేదు. నీళ్లలో బతికేవాటిలో రెక్కలు, పొలుసులు లేనివి హేయం అని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. తినొచ్చా?

జవాబు:
తినొచ్చమ్మా. మార్కు 7:19 చూడండి, ఆహారమంతా పవిత్రమే. అపొస్తలుల కార్యములు 10 కూడా చదవండి. యొప్పేలో మిద్దె మీద యేసు శిష్యుడు పేతురు చూసిన దర్శనం, ఆకాశం నుంచి జంతువులతో దిగిన దుప్పటి, కూర గురించి కాదు. ఆ తర్వాత ఆయన కైసరయకు వెళ్లి, అన్యుడైన, అంటే యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో అడుగుపెట్టాడు. ఏ మనిషినీ అపవిత్రుడు అనకూడదు, అసలు సంగతి అది.

మరో జవాబు:
మేము సెవెంత్ డే వాళ్లం, అంటే శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవులం, రొయ్యలు ముట్టం. రక్షణ కోసం కాదు, దేహం దేవుని ఆలయమని. తినేవాళ్లకు తీర్పు తీర్చం, రోమా 14 అదే చెబుతుంది.

ఇంకో జవాబు:
అదే అధ్యాయం తినదగిన జంతువులకు గుర్తుగా చెప్పే నెమరువేయడమంటే వాక్యాన్ని మళ్లీ మళ్లీ తలచుకోవడమని బర్నబా పత్రిక అనే తొలినాటి క్రైస్తవ రచన చెప్పింది. సాయంత్రం గేదె ఎంత నిదానంగా నములుతుందో చూడండి. మనం ఆదివారం విన్న వాక్యాన్ని సోమవారానికే మరిచిపోతాం.

అడిగినావిడ:
వందనాలండీ. కొర్నేలీ మాట గుండెకు తగిలింది. చెరువు గట్టున కాపలా ఉండే కుటుంబం టీ ఇస్తే రెండుసార్లు వద్దన్నాను, వాళ్ల గ్లాసు చూసి. రొయ్యల గురించి ఇంత భయపడ్డాను గానీ, దాని గురించి ఒక్క రోజూ బాధపడలేదు. రేపు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేనే అడిగి తాగుతాను.