అమెరికా రిసీవర్‌లో 102.8 దొరకట్లేదు

మల్కాజిగిరి_మోనో:
అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన ఏవీ రిసీవర్ (రేడియో కూడా ఉన్న ఆంప్లిఫయర్), స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. 101.9 రెయిన్‌బో గరగరతో వస్తోంది. 102.8 వివిధభారతి అసలు లేదు, 102.7 నుంచి 102.9కి దూకుతోంది. ఏ యాంటెన్నా కొనాలి? ప్రీసెట్లు (స్టేషన్లను నంబర్ల కింద దాచుకోవడం) ఎలా? మీడియం వేవ్ 738 (హైదరాబాద్ ఆకాశవాణి) కూడా కావాలి.

బెజవాడ_బాస్:
కొనడం దేనికండీ, డబ్బాలో వచ్చే టి ఆకారం వైరు చాలు. అందరూ దాన్ని ఉండచుట్టి రిసీవర్ వెనక పడేస్తారు. కొస నుంచి కొసకు మీటరున్నర, బార్లా చాపి కిటికీ పక్క గోడకు కొట్టండి. వైరు పొడవు స్టేషన్ దిక్కుకు అడ్డంగా ఉండాలి. కొస అటు తిరిగితే సిగ్నల్ పడిపోతుంది.

సోల్డరింగ్_మావయ్య:
రిపేరు బల్ల మీద ఇలాంటివి ఎన్ని చూశానో! 102.8కీ యాంటెన్నాకీ సంబంధమే లేదు. అమెరికా సెట్టు ఎఫ్ఎంలో 200 కిలోహెర్ట్జ్ చొప్పున కదులుతుంది, దశాంశం తర్వాత బేసి అంకెలే. మీడియం వేవ్‌లో దాని మెట్టు 10 కిలోహెర్ట్జ్, మనది 9. 738 అంటే 9×82. అది 740 దగ్గర ఆగుతుంది.

గోదారిగట్టు:
మెనూలో మార్చుకోవచ్చుగా! కొన్ని ఒంక్యో కంపెనీ సెట్లలో ట్యూనర్ కింద ఫ్రీక్వెన్సీ స్టెప్ ఉంటుంది. యమహాలో స్ట్రెయిట్ బటన్ నొక్కిపట్టి పవర్ వేస్తే టీయూ (ట్యూనర్ మెట్టు మార్చేది) అని వస్తుంది.

సోల్డరింగ్_మావయ్య:
యమహాలో టీయూ ఆసియా, జనరల్ మోడళ్ళకే బాబూ. అమెరికా సెట్టులో ఎంత వెతికినా కనబడదు.

గోదారిగట్టు:
ఒంక్యో సంగతి ముందే రాశాను, అది చదవలేదా? మార్చగానే పాత ప్రీసెట్లు చెరిగిపోతాయి, అంతే.

ఉక్కునగరం:
ఇంత గొడవెందుకు, 102.9 పెట్టి వినేయండి. సిగ్నల్ గట్టిగా ఉంటే వస్తుంది.

సోల్డరింగ్_మావయ్య:
వస్తుంది, "స" "ష" వచ్చినప్పుడల్లా చిరిగిపోతూ! 100 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగితే స్టీరియో మీద ఆశ వదులుకోండి. పైగా అమెరికాలో డీ-ఎంఫసిస్ (రిసీవర్ ట్రెబుల్‌ని తగ్గించే కొలత) 75 మైక్రోసెకన్లు, మనకు 50. సరిగ్గా ట్యూనైన 101.9లో కూడా 10 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పైన తగ్గుతుంది. ట్రెబుల్ కొంచెం ఎత్తాలి.

ఉక్కునగరం:
వార్తలు వినేవాడికి మైక్రోసెకన్ల లెక్కలెందుకండీ.

బెజవాడ_బాస్:
గరగరకు మందు మోనో. ఆటో ట్యూనింగ్ తీసి మాన్యువల్‌లో పెడితే చాలా సెట్లు మోనోకి మారతాయి, హిస్ సగానికి పైగా పోతుంది.

కాకినాడ_కాయిల్:
సిగ్నల్ పెంచే బూస్టర్ ఒకటి పెట్టేస్తే అన్నీ తీరతాయి.

సోల్డరింగ్_మావయ్య:
నగరం మధ్యలో బూస్టరా! ట్యూనర్ ముందు భాగం ఓవర్‌లోడై, దగ్గరి స్టేషన్లు లేని చోట కూడా మొలుస్తాయి. అంతకన్నా ఆర్‌జీ6 కేబుల్‌తో (డిష్ టీవీకి వాడే గుండ్రటి వైరు) డైపోల్‌ని, అదే ఆ టి ఆకారం యాంటెన్నాని, డాబా మీదికి ఎక్కించండి. అమెరికా సెట్టుకు సాధారణంగా ఎఫ్ సాకెట్టే, మన సెట్‌టాప్ బాక్స్‌కి బిగించే పిన్ను పడుతుంది. 300 ఓమ్‌ల చదును వైరైతే బాలన్ (దాన్ని ఈ సాకెట్‌కి సరిపెట్టే చిన్న అడాప్టర్) తప్పదు.

గోదారిగట్టు:
738 సంగతి అందరూ మరిచారు. మీడియం వేవ్ లూప్ యాంటెన్నాని టీవీకీ రిసీవర్‌కీ దూరంగా జరిపి, నిలువుగా నిలబెట్టి తిప్పండి. ముందు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపి చూడండి. మీడియం వేవ్ బుర్రుకి సగం కారణం అవే.

ఉక్కునగరం:
లేదా జేబు రేడియో కొని, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆర్‌సీఏ వైరుతో రిసీవర్ వెనక ఆక్స్ ఇన్‌పుట్‌కి కలపండి. వాల్యూమ్ సగంలో ఉంచండి. ఈ అమెరికా మెట్ల గొడవ ఉండదు.

మల్కాజిగిరి_మోనో:
ప్రీసెట్లు?

బెజవాడ_బాస్:
స్టేషన్ పెట్టాక, చాలా సెట్లలో మెమరీ, నంబరు, మళ్ళీ మెమరీ. డిస్‌ప్లే మెరుస్తుండగానే నొక్కాలి.