అప్‌డేట్: కరోకే స్పీకర్‌లో పాట ఆలస్యం – తీరింది

బ్లూటూత్‌లో టీవీకి కలిపితే తెర మీద అక్షరాలు ముందు, పాట వెనక వస్తోందని అడిగాను కదా. వైరు వేయమన్నవాళ్లకి థాంక్స్, అదే పనిచేసింది.

మా టీవీకి హెడ్‌ఫోన్ జాక్ లేదు, ఆప్టికల్ అవుట్ (డిజిటల్ సౌండ్‌ని వెలుతురుగా పంపే సాకెట్) ఒక్కటే. అందుకని ఆప్టికల్‌ని అనలాగ్‌గా మార్చే చిన్న డాక్ (DAC) డబ్బా పెట్టి, దాని ఎరుపు-తెలుపు సాకెట్ల నుంచి స్పీకర్ ఆక్స్ ఇన్‌కి 3.5 ఎంఎం కేబుల్ లాగాను. మొదట ఒట్టి గరగరే! టీవీ డాల్బీ (కుదించి పంపే సౌండ్) పంపుతోంది, ఈ డబ్బాకి పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) తప్ప తెలీదు. సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని ‘ఆటో’ నుంచి ‘పీసీఎం’కి మార్చగానే పాట శుభ్రంగా వచ్చింది. ఆప్టికల్ కేబుల్ కొసలకి ప్లాస్టిక్ టోపీలుంటాయి, తీసి గుచ్చండి. మైకు స్పీకర్‌కే, టీవీతో పని లేదు. ఇప్పుడు వాల్యూమ్ కూడా స్పీకర్ మీదే, టీవీ రిమోట్‌కి లొంగదు.

ఈ ఆలస్యానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చడం రెండూ దండగే.