అప్‌డేట్: అమ్మ నిద్ర, మతిమరుపు గురించి అడిగాను కదా

పర్లాకిమిడి నుంచి పోయిన నెల అడిగింది నేనే: అమ్మకి 67 ఏళ్లు, రాత్రి నాలుగు గంటలు కూడా పడుకోదు, మనవల పేర్లు చెప్పడానికి తడబడుతోంది, ఇది డిమెన్షియాకి (వయసుతో జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బుకి) మొదలా అని. బరంపురంలో డాక్టర్‌కి చూపించాం. జ్ఞాపకశక్తి పరీక్ష చేసి, ప్రస్తుతానికి ఆ లక్షణాలు లేవన్నారు, ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు.

అసలు సంగతి అమ్మ చేతిసంచిలో దొరికింది. వక్కల డబ్బా కింద జలుబు మాత్రల అట్ట, పదిలో రెండే మిగిలాయి. నిద్ర పడుతుందని ఏడాదిగా రోజూ వేసుకుంటోందట! ఆ మాత్రల్లో ఉండే, మత్తు తెచ్చే పాత రకం అలర్జీ మందులు పెద్దవాళ్లలో మతిమరుపు, తికమక తెస్తాయని డాక్టర్ ఆపేయించారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందులు కూడా దయచేసి ఒకసారి తీసి చూడండి. అమ్మకి విటమిన్ బి12 కూడా తక్కువే ఉంది.

నిద్ర తక్కువైతే డిమెన్షియా వస్తుందా అన్నదాని మీద మీలో ఒకరు చెప్పిన బ్రిటన్ అధ్యయనం గురించి కూడా డాక్టర్‌ని అడిగాను. 2021లో వచ్చింది, దాదాపు 8,000 మందిని 25 ఏళ్లు గమనించారు. 50, 60, 70 ఏళ్ల వయసుల్లో వరసగా ఆరు గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్లకి, ఏడు గంటలు పడుకున్నవాళ్లకన్నా డిమెన్షియా రిస్క్ 30 శాతం ఎక్కువ. అంతేగానీ నిద్ర తక్కువైతే జబ్బు వచ్చి తీరుతుందని కాదన్నారు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

ఇప్పుడు సాయంత్రం టీ మానేసింది, మధ్యాహ్నం నిద్ర మూడు గంటల నుంచి అరగంటకి తెచ్చాం, పొద్దున్నే ఎండలో నడిపిస్తున్నాను. నిన్న ఐదున్నర గంటలు పడుకుంది. గురక గట్టిగా ఉంది కాబట్టి స్లీప్ టెస్ట్ (నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష) ఒకటి మిగిలింది, వచ్చే వారం వెళ్తున్నాం.