ఫోరం థియేటర్: ‘ఆపండి’ అని ఎవరూ అనకపోతే?

ప్రశ్న: బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ పద్ధతిలో 15 నిమిషాల వరకట్నం నాటిక వేస్తున్నాం. రెండోసారి ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆపండి’ అని లేచి, బాధితురాలి పాత్రలోకి వచ్చి కథ మార్చాలి. కానీ ఎవరూ లేవట్లేదు. ఏం చేయాలి?

తెరవెనక: లోపం స్క్రిప్టులో ఉండొచ్చు. చెంపదెబ్బతో మొదలైతే చూసేవాళ్లు చేయడానికేం మిగలదు. పెళ్లిచూపులు, బేరం, అప్పు, ఇలా బాధితురాలు నోరు విప్పగలిగే చోట్లు మూడైనా ఉండాలి.

జోకర్27: సూత్రధారి (జోకర్) ‘ఎవరొస్తారు?’ అంటే అందరూ తలలు దించుకుంటారు. ముందు పక్కవాళ్లతో 2 నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ‘ఆపండి’ అని అందరిచేతా ఓసారి గట్టిగా అరిపించండి. లేచినవాళ్లకు ఆమె చున్నీ ఇస్తే చాలు, పాత్ర చేతులు మారినట్టే.

తెరవెనక: అత్త పాత్రను మాత్రం మార్చనివ్వకండి. ఆవిడ ఉన్నట్టుండి మంచిదైపోతే బోల్ దాన్ని మాయాజాలం అనేవాడు. అలాగని మీ నటి మరీ మొండికేసినా రెండోవాళ్లు లేవరు. గట్టి వాదన వస్తే ఒక మెట్టు దిగాలి, అంతే.