నెల సరుకులు డిస్కౌంట్ స్టోర్‌లో కొంటే నిజంగా మిగులుతుందా?

నమస్కారమండీ. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, ఇంట్లో నలుగురం. పదేళ్లుగా వీధి చివర కిరాణా కొట్టులోనే నెల సరుకులు కొనేవాళ్లం. చీటీ రాసిస్తే సాయంత్రానికి ఇంటికే వచ్చేవి. జీతం ఆలస్యమైతే ఖాతాలో రాసుకునేవారు.

3 నెలల నుంచి ఒక పెద్ద డిస్కౌంట్ స్టోర్‌కి వెళ్తున్నాం. నూనె, సబ్బులు, టూత్‌పేస్టు ఎమ్మార్పీ కంటే బాగా తక్కువకే వస్తున్నాయి, అది నిజం. కానీ 5,000 అనుకుని వెళ్తే బిల్లు 7,000 అవుతోంది. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన బొంబాయి రవ్వ రెండో ప్యాకెట్ విప్పేసరికి పురుగు పట్టింది. తేదీ చూసుకోకుండా తెచ్చాను. ఆదివారమైతే బిల్లింగ్ దగ్గరే గంట పోతోంది, ఆటో ఖర్చు అదనం.

కందిపప్పు, బియ్యం, ఎండుమిర్చి అక్కడ కొనేవాళ్లు నాణ్యత ఎలా చూసుకుంటున్నారు? ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు కదా, దాన్ని కొట్టులో విడిగా అమ్మే సరుకు ధరతో ఎవరైనా పోల్చి చూశారా? ఏవి అక్కడ, ఏవి కొట్టులో కొనాలో మీ అనుభవం చెప్పండి. కష్టకాలంలో అప్పిచ్చిన కొట్టాయన్ని పూర్తిగా వదిలేయడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు.