అప్‌డేట్: డౌన్‌లోడ్ కోసం పెట్టిన చిన్న వీడియోల సైజు తగ్గింది

మా అమ్మాయి డాన్స్ క్లాసు వెబ్‌సైట్‌లో పెట్టే 45 సెకన్ల కూచిపూడి అడుగుల వీడియోలు ఒక్కోటి 130 ఎంబీ ఉంటున్నాయని, పిల్లలు డౌన్‌లోడ్ చేసుకోలేకపోతున్నారని పోయిన వారం అడిగాను కదా. పరిష్కారం దొరికింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ఫోన్‌లో 4కేలో తీసినవాటిని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో 720పీ రిజల్యూషన్‌కి తగ్గించి, హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చమన్న సలహానే పనిచేసింది. ఇప్పుడు ఒక్కోటి 10 ఎంబీ లోపే. కొందరి పాత కంప్యూటర్లలో తెర నల్లగా ఉండి తాళం మాత్రమే వినిపించేది. దానికి కారణం ఫోన్ హెచ్‌ఈవీసీ అనే కొత్త ఫార్మాట్‌లో రికార్డు చేయడమట, ఆ ఇబ్బందీ పోయింది.

హ్యాండ్‌బ్రేక్‌లో పెట్టాల్సిన క్వాలిటీ నంబరు దగ్గరే ఎక్కువ టైమ్ పట్టింది. అక్కడ నంబరు పెరిగేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. 30 పెడితే పతాక హస్తంలో (అరచేయి చాచి పట్టే ముద్ర) వేళ్లు అతుక్కుపోయినట్టు, పారాణి మరకలా కనిపించింది. 24 దగ్గర వేళ్ల గీతలు కూడా తెలుస్తున్నాయి. హస్తాలు చూసి నేర్చుకునే పిల్లలకు అదే ముఖ్యం, నాణ్యత ఇంతకంటే తగ్గించకండి.

అందులోనే ఉన్న ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ టిక్ సైజు తగ్గించదు గానీ, అది పెడితే లింకు నొక్కగానే వీడియో మొదలవుతోంది. జిప్ చేయడం వల్ల ఏమీ తగ్గలేదు. హోస్టింగ్ మార్చాల్సిన అవసరమూ రాలేదు.